చచ్చిన కంపెనీ లారీ

ఫ్యాక్టరీ మూసేస్తున్నామని చెప్పడానికి సావో పాలో నుంచి వచ్చిన పెద్దమనిషి అంత ఎండలోనూ మెడలో టై వదులు చేసుకోలేదు. 1978వ సంవత్సరం, మార్చి నెల. యార్డులో తొమ్మిది వందల మంది నిలబడి వింటున్నారు. ఆయన కాగితం చూసి చదివాడు. మాంతికేరా లారీకి కాలం చెల్లిందనీ, నెలాఖరు తరవాత ఒక్క బండి కూడా బయటికి రాదనీ, గోడౌనులో ఉన్న విడిభాగాలు అయిపోయేదాకా అమ్మి ఆ తరవాత అదీ ఆపేస్తామనీ చదివాడు. చదివాక మర్యాదకు, ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నాడు.

గేర్ల తనిఖీ విభాగం వరసలోంచి ఒక ఆడమనిషి చెయ్యెత్తింది.

"అయ్యా, రోడ్ల మీద మా బళ్ళు పద్దెనిమిది వేలు తిరుగుతున్నాయి. వాటి సంగతేంటి?"

"అవి మెల్లగా పాత ఇనుములోకి పోతాయమ్మా. కాలం అలాంటిది."

"ఎవరి కాలం?" అంది ఆమె.

వెనక వరసల్లో కొందరు నవ్వారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని మంచినీళ్ళు తాగాడు. ఆమె పేరు జురేమా పషేకో. వయసు నలభై. ఆ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చునే మనిషి కాదు.

జురేమా తండ్రి ఓనోఫ్రె కంచరగాడిదల బిడారు తోలినవాడు. కొండ మీదినుంచి కాఫీ, జున్ను, పందికొవ్వు డబ్బాలు దించేవాడు. కింది నుంచి ఉప్పు, కిరసనాయిలు ఎక్కించేవాడు. 1950లో ప్రభుత్వం పరాయీబా లోయలో పచ్చికబీళ్ళు కొని ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టినప్పుడు పునాదిరాళ్ళు మోసింది అతని గాడిదలే. ఐదేళ్ళు తిరిగేసరికి ఆ ఫ్యాక్టరీ లారీలు కొండెక్కాయి, బిడారుకు పని లేకుండా పోయింది. "నా గాడిదలకు గొయ్యి నేనే తవ్వాను, దానికి కూలి కూడా పుచ్చుకున్నాను" అని ముసలాయన అందరికీ చెప్పుకునేవాడు. ఆ మాటలో ఏడుపు ఉండేది కాదు. గాడిదల్ని అమ్మేసి అదే ఫ్యాక్టరీలో కాపలాదారుగా చేరాడు.

మొదట్లో ఆ లారీలో సగం వస్తువులు ఓడల్లో యూరప్ నుంచి దిగేవి. నమూనా కూడా అక్కడిదే. పదేళ్ళలో ఇంజను దిమ్మె నుంచి గేరు చక్రం దాకా ఇక్కడే పోతపోసి, ఇక్కడే కోసి, ఇక్కడే బిగించారు. చూడ్డానికి అందమైన బండి కాదు. ముక్కు మొద్దుగా, నడక నెమ్మదిగా ఉండేది. దాని గొంతు ఎలాంటిదంటే, రెండు మలుపుల అవతల ఉండగానే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. అయినా ఆ దేశంలో మట్టిరోడ్లకు అదే సరిపోయింది. ఎర్రమట్టి బురదలో కడుపుదాకా దిగబడి, రొప్పుకుంటూ, ఎవరి సాయమూ అడక్కుండా బయటికొచ్చేది. 1969లో ప్రభుత్వం ఫ్యాక్టరీని విదేశీ కంపెనీకి అమ్మింది. వాళ్ళు గోడలకు కొత్త రంగులేశారు, పైఅధికారుల్ని మార్చారు, ఏటా తయారయ్యే బళ్ళ సంఖ్య తగ్గించుకుంటూ వచ్చారు. చివరికి టై కట్టుకున్న పెద్దమనిషిని పంపారు.

జురేమా పదహారో ఏట ఆ ఫ్యాక్టరీ క్యాంటీనులో గిన్నెలు కడగడానికి చేరింది. రెండేళ్ళకు ఒకరోజు గేర్ల విభాగానికి కాఫీ పట్టుకెళితే, అక్కడ ఒక మనిషి ఇనప బల్ల మీద పళ్ళచక్రం ఠంగుమని దించాడు. "అది పగిలింది" అంది జురేమా, కాఫీ పొయ్యడం ఆపకుండా. వాళ్ళు నవ్వారు. మేస్త్రీ మాత్రం నవ్వకుండా చక్రాన్ని నూనెలో ముంచి, సున్నం రాసి చూశాడు. పంటి మొదట్లో వెంట్రుకంత పగులు తేలింది. మర్నాటి నుంచి ఆమెను తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇత్తడి సుత్తితో చక్రాన్ని మెల్లగా కొట్టి వినడం, వేలితో పన్ను పన్నూ తడమడం, కొలత చూడడం. అన్నీ సరిగ్గా ఉంటే పక్కన 31 అని ముద్ర కొట్టడం. అది ఆమె నంబరు. ఇరవై రెండేళ్ళపాటు అదే పని. అందులో తప్పు చక్రాన్ని పంపిందని ఒక్క ఫిర్యాదు రాలేదు.

మొగుడు అదెమీర్ కూడా అక్కడివాడే, లేతు పనివాడు. ఉక్కును వెంట్రుకవాసి తేడా లేకుండా తురిమేవాడు కానీ, నిచ్చెన నాలుగో మెట్టెక్కితే కళ్ళు తిరిగేవి. ఫ్యాక్టరీ మూతపడ్డాక నెలరోజులు గుమ్మంలో కూర్చుని, ఊరు వదిలి వెళుతున్నవాళ్ళ సామాన్లు లెక్కపెట్టాడు. జురేమాకు మాత్రం ఒక పని పిలిచి ఇస్తామన్నారు. పక్క ఊళ్ళో కొత్తగా వచ్చిన కార్ల ఫ్యాక్టరీ వాళ్ళు క్యాంటీనులో చేరమన్నారు. ఆమె కబురు తెచ్చినవాడికి కాఫీ ఇచ్చి, "గిన్నెల దగ్గర మొదలెట్టాను బాబూ, గిన్నెల దగ్గర ముగించను" అని పంపేసింది.

ఆ సాయంత్రం నల్ల బీన్సు, కర్రపెండలం పిండి వడ్డిస్తూ మొగుడితో అంది.

"లారీ కొంటున్నా."

అదెమీర్ చెంచా పళ్ళెంలోనే ఆగిపోయింది. "ఎవరికి?"

"నాకే."

"నీకు లైసెన్సే లేదు గదే."

"తెచ్చుకుంటా."

"ఏ లారీ? మన లారీనా? రేపు ఒక బుష్షు పోతే ఎవడిస్తాడు నీకు?"

"నువ్విస్తావు. ఇరవై ఏళ్ళు లేతు ముందు నిలబడ్డావు. ఊరికే నిలబడ్డావా?"

అదెమీర్ ఇంకాస్త బీన్సు వెయ్యమన్నాడు. అతని భాషలో దాని అర్థం సరే అని.

బండి నడపడం ఆమెకు కొత్త కాదు. గేర్ల చప్పుడు వినడానికి టెస్టు డ్రైవరు పక్కన కూర్చుని వందల సార్లు తిరిగింది. తిబూర్సియో అనే ఆ ముసలి డ్రైవరు శనివారాలు ఫ్యాక్టరీ వెనక మైదానంలో స్టీరింగు ఆమె చేతికిచ్చి తను చుట్ట కాల్చుకునేవాడు. లైసెన్సు దగ్గరే చిక్కొచ్చింది. మొదటిసారి వెళితే పరీక్ష పెట్టే అధికారి, మొగుణ్ణి వెంటబెట్టుకు రమ్మన్నాడు. రెండోసారి వెంటబెట్టుకు వెళ్ళింది. అదెమీర్ పక్కన కూర్చుని, బండి కదలగానే అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. కట్టుకున్నవాడికే నమ్మకం లేని డ్రైవరుకు తనెలా సంతకం పెట్టాలని అధికారి పరీక్ష తప్పించాడు. మూడోసారి ఆమె ఒక్కతే వెళ్ళింది. ఎత్తు మీద లారీని నిలిపి, అంగుళం వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించి చూపించింది. ఆయన సంతకం పెట్టేశాడు.

పాత లారీల యార్డు పెద్దరోడ్డు పక్కన ఉండేది. దాని యజమాని బ్రావులియో మాట్లాడుతూ మాట్లాడుతూ బూటుతో టైర్లు తడుతుండేవాడు. ముందు వరసలో మెరిసే విదేశీ బళ్ళు నిలబెట్టాడు. కంచె పక్కన ఆఖరి వరసలో, చక్రాల మధ్య గడ్డి మొలిచి, మాంతికేరాలు ఉన్నాయి. జురేమా తిన్నగా ఆఖరి వరసకు నడవడం చూసి కాఫీ బడ్డీ దగ్గరున్న డ్రైవర్లు గ్లాసులతో సహా వెనక వచ్చారు. అదెమీర్ వాళ్ళ వెనక వచ్చాడు.

బ్రావులియో ఆమెను గౌరవంగా దోనా అని పిలుస్తూ ఒక నీలం బండి చూపించాడు. రంగు ఇంకా వాసనొస్తోంది.

"ఇది తీసుకోండి దోనా జురేమా. ఒకే చేతి బండి. ఒక ఫాదర్‌గారిది. చర్చికి ఇటుకలు మోసుకునేవారు, అంతే. ఆదివారమైతే బయటికే తీసేవారు కాదు."

ఆమె ఇంజను వేయించి, పక్కన నిలబడి, డ్రైవరు చేత వరసగా గేర్లు మార్పించింది. గేర్‌బాక్సు కిక్కురుమనలేదు. ఆమె మొహం చిట్లించింది. "మా బండి ఇంత మర్యాదస్తురాలు కాదే" అని, పానా ఇమ్మని అడిగి, వెల్లకిలా బండి కిందికి దూరింది. అడుగు మర విప్పింది. నూనె కారలేదు; జావలాగా ముద్దముద్దగా జారింది. ఆమె వేళ్ళ మధ్య నలిపి చూసి, బయటికొచ్చి, ఆ చెయ్యి బ్రావులియో ముందు చాచింది. నూనెలో రంపపు పొట్టు. అరిగిపోయిన పళ్ళ చప్పుడు వినపడకుండా కూరారు.

"ఫాదర్‌గారు వడ్రంగి పని కూడా చేసేవారా?"

డ్రైవర్లలో ఒకడు నవ్వు ఆపుకోలేక కాఫీ మీద పోసుకున్నాడు. బ్రావులియో ఏమీ సిగ్గుపడలేదు. తను కొన్నప్పుడే అలా ఉందేమో, ఎవరికి తెలుసన్నాడు. అంత తెలిసినదానివి నువ్వే వెతుక్కో అన్నాడు.

ఆమె ఏడు బళ్ళు వెతికింది. ఎనిమిదోది 1962 నాటిది, చెరకు మోసి మోసి వచ్చింది. క్యాబిన్ నేల తుప్పుపట్టి కింద గడ్డి కనిపిస్తోంది. డ్రైవరు సీటులో ఒక కోడి గుడ్లు పెట్టుకుని కూర్చుంది. కానీ గేర్‌బాక్సు గట్టిగా, తెరలు తెరలుగా, దాచుకోకుండా మూలిగింది. జురేమా పైమూత విప్పించి, గుడ్డతో లోపలి చక్రాన్ని తుడిచింది. పంటి పక్కన 31 కనిపించింది. కొన్ని వేల చక్రాలు తన చేతిమీదుగా పోయాయి, ఇది ఏ రోజుదో ఆమెకేం గుర్తులేదు. పదహారేళ్ళు చెరకు మోసినా పళ్ళ అంచు చెదరలేదన్నది మాత్రం వేలికి తెలుస్తోంది. ఆ వేలు అక్కడే కాసేపు ఉంచింది.

బ్రావులియో తుక్కు ధరకే ఇస్తానన్నాడు, ఎనిమిది టన్నులుంటుందన్నాడు. ఆరు టన్నుల మూడు వందల కిలోలకు మించి ఒక్క కిలో ఎక్కువున్నా రెట్టింపు ఇస్తానంది జురేమా. తయారుచేసినవాళ్ళకు చెప్పే లెక్క కాదని అతనికీ అర్థమైంది.

గేటు దాటకముందే గేరు పళ్ళు కరకరలాడిస్తుందని డ్రైవర్లు పందెం కట్టుకున్నారు. వాళ్ళ తప్పు లేదు. ఆ బండికి రెండు గేరు కర్రలు. ఒక్కోసారి రెండింటినీ ఒకేసారి కదపాలి. ఎడమచెయ్యి స్టీరింగు చక్రంలోంచి దూర్చి ఒకటి, కుడిచేత్తో ఇంకొకటి. ఆ క్షణంలో స్టీరింగును రొమ్ముతో పట్టుకోవాలి. కొమ్ములు తిరిగిన డ్రైవర్లే దాన్ని తిట్టుకునేవారు. జురేమా రెండో గేరు, మూడో గేరు చప్పుడు లేకుండా మార్చుకుంటూ గేటు దాటి రోడ్డెక్కింది. రెండు వందల గజాలు పోయాక పక్కకు చూస్తే మొగుడు లేడు. అద్దంలో చూసింది. అదెమీర్ చంకలో కోడి, టోపీలో గుడ్లతో పరిగెత్తుకొస్తున్నాడు.

క్యాబిన్ నేల మార్చి, బ్రేకులు చేసుకునేసరికి రెండు నెలలైంది. బంపరు మీద రాత రాయడానికి వచ్చిన పెయింటరు ఏం రాయమంటారని అడిగాడు. అందరూ దేవుణ్ణో, ప్రేమనో, అత్తగారినో రాయించుకుంటారు. జురేమా కాగితం మీద రాసిచ్చింది: "చచ్చిందన్నవాళ్ళు దారివ్వండి."

దారైతే ఇచ్చారు గానీ సరుకు ఇవ్వలేదు. ఆ లోయలో లోడ్లన్నీ లియోనిదాస్ అనే ఏజెంటు చేతిలో ఉండేవి. అతను ముందు ఆమెను చూశాడు, తరవాత బండిని చూశాడు.

"ఆడమనిషి, ముసలి బండి. రెండిట్లో ఏదో ఒకటైతే సర్దుకునేవాణ్ణమ్మా. రెండూ అంటే నా వల్ల కాదు."

మర్నాడు పొద్దున ఆరింటికి ఆమె బండి తెచ్చి అతని ఆఫీసు ఎదురుగా పెట్టింది. రోడ్డు ప్రభుత్వానిది, ఎవరూ కాదనలేరు. బండి తుడుచుకుంది. చిన్న స్టవ్ మీద బీన్సు ఉడికించుకుంది. సాయంత్రం ఇంటికెళ్ళింది. తెల్లారి మళ్ళీ వచ్చింది. అదెమీర్ సిగ్గుతో మొహం మీద టోపీ వేసుకుని సీటులో పడుకునేవాడు. డ్రైవర్లు వచ్చేపోయేప్పుడు ఈ పూట వంటేమిటని అడిగి ఎగతాళి చేసేవారు. ఆమె మూత తీసి చూపించేది. వారం తిరిగేసరికి కొందరు పళ్ళెం పట్టుకొచ్చి నిజంగానే తిని పోయారు. లియోనిదాస్ మాత్రం కిటికీ తలుపు ఓరగా వేసుకుని కూర్చునేవాడు.

పన్నెండోరోజు అతనే బయటికొచ్చాడు. కొండ మీద ఆల్తో అనే ఊళ్ళో చెరకు గానుగ రోలరు నిలువునా చీలిపోయింది. కొత్త రోలరు రైల్లో వచ్చి స్టేషన్లో పడి ఉంది. పదకొండు టన్నుల ఉక్కు దిమ్మె. కొత్త రోడ్డు మీద వంతెన బీటలిచ్చి మూడు నెలలుగా మూసేశారు. మిగిలింది పాత దారి ఒక్కటే, కంచరగాడిదల దారిని వెడల్పు చేసి వదిలేసింది. నరికిన చెరకు అక్కడ గుట్టలుగా పడి ఎండిపోతోంది. ఇంకో నాలుగు రోజులైతే ఊరంతా చేసిన ఏడాది కష్టం పులిసిపోతుంది. ఇద్దరు కొత్త బళ్ళవాళ్ళు దారి చూసొచ్చి తమ వల్ల కాదన్నారు.

"నీ వల్ల కాకపోతే ఇప్పుడే చెప్పు. మధ్యలో చెప్పొద్దు" అన్నాడు లియోనిదాస్.

"తాళ్ళు గట్టివి ఇవ్వు" అంది జురేమా.

ఇంట్లో విషయం చెప్పగానే డెబ్బై ఎనిమిదేళ్ళ ఓనోఫ్రె లేచి టోపీ పెట్టుకున్నాడు. వద్దంటే వినలేదు. "ఆ దారి నాది. మీకు నీళ్ళెక్కడున్నాయో తెలుసా? రేడియేటరుకు ఏం పోస్తారు, సారాయా?" అన్నాడు. ఆ మాట నిజమే. అంత బరువుతో అంత ఎత్తుకు ఆ ఇంజను కుతకుతలాడిపోతుంది.

తెల్లవారగానే బయల్దేరారు. ముప్పై కిలోమీటర్ల ఎగుడు. ముసలాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. అదెమీర్ మొదటి మలుపులో కిందికి చూసి, తను దిగి నడుస్తానన్నాడు. అదే మంచిదైంది. మొద్దు చెక్క ఒకటి భుజాన వేసుకుని బండి వెనక నడిచాడు, ఆగినప్పుడల్లా చక్రం కింద పెట్టడానికి. బండి కూడా మనిషి నడకకు మించి పోవడం లేదు. అన్నిటికన్నా చిన్న గేరులో, కొండంతా అదిరిపోయేలా అరుస్తూ ఎక్కుతోంది.

మూడో మలుపు దగ్గర రేడియేటరు ఆవిర్లు కక్కింది. ఓనోఫ్రె దిగి, బండ పక్కన ఫెర్న్ పొదలు చేత్తో పక్కకు నెట్టాడు. వేలంత ధార రాతిలోంచి కారుతోంది. ఇరవై మూడేళ్ళ తరవాత తను పెట్టినచోటే దొరికినట్టు ముసలాయన మొహం వెలిగింది. రెండోచోట కూడా దొరికింది. మూడోచోట లేదు. అక్కడ ఎవరో కొండవాలంతా నీలగిరి చెట్లు నాటారు. కింద పొడి ఆకులు, ఎండిన రాళ్ళు. ఓనోఫ్రె ఇటు నడిచాడు, అటు నడిచాడు.

"ఇక్కడ నీళ్ళుండేవి" అన్నాడు. మళ్ళీ అన్నాడు, "ఇక్కడే. నలభై గాడిదలు ఒకేసారి తాగేవి."

అదెమీర్ రెండు డబ్బాలు పట్టుకుని కిందికి దిగి, గంటన్నర తరవాత రొప్పుకుంటూ వచ్చాడు. ముసలాయన ఒక డబ్బా అందుకుని తనే రేడియేటరులో పోశాడు, చుక్క కింద పడకుండా.

చీకటి పడేలోగా పశువుల కాపరుల పాక ఒకటి దొరికింది. అక్కడ పడుకుని మర్నాడు మళ్ళీ మొదలుపెట్టారు. ఆఖరి ఎగుడుకు గాడిదల ఏడుపు అని పేరు. సగం దూరం ఎక్కాక వెనక చక్రాలు గులకరాళ్ళ మీద తిరిగాయి. బండి ఆగింది. తరవాత మెల్లగా వెనక్కి కదిలింది. జురేమా బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. బ్రేకుల్లో గాలి ఎంతుందో చూపించే ముల్లు పడిపోతోంది. వెనక్కి ఇంకో రెండు గజాలు పోతే లోయ. అద్దంలో అదెమీర్ కనిపించాడు. నిచ్చెన నాలుగో మెట్టెక్కలేని మనిషి లోయ అంచున మడమలు ఆనించి, వంగి, చెక్కను చక్రం కిందికి తోస్తున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాడు. చెక్క కరకరమంది. బండి నిలిచింది.

క్లచ్ కాలిన వాసన క్యాబిన్ నిండా ఉంది. ఆమె చెయ్యి మళ్ళీ గేరు కర్ర మీదికి పోయింది. ఓనోఫ్రె ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవే. ఇక్కడ ఏ గాడిదనీ నేను కొట్టలేదు. ఊపిరి తీసుకోనియ్. అదే కదులుతుంది."

ఆమె ఆగింది. గాలి ముల్లు మెల్లగా పైకొచ్చేదాకా, క్లచ్ చల్లారేదాకా పదిహేను నిమిషాలు ఇంజను అలా తిరగనిచ్చింది. ఈలోగా అదెమీర్ నాలుగు చక్రాల ముందూ కొమ్మలు నరికి పరిచాడు. అప్పుడు క్లచ్ మెల్లగా వదిలింది. బండి ఒకసారి వణికి, కొమ్మల్ని విరుచుకుంటూ ముందుకు నడిచింది. జురేమాకు తను కేకపెట్టిన సంగతి ఎగుడు అయిపోయాకే తెలిసింది. అపరెసీద మాత పేరూ, తిబూర్సియో నేర్పిన బూతులూ అన్నీ అందులో కలిసిపోయాయని ఓనోఫ్రె తరవాత అందరికీ చెప్పాడు.

మధ్యాహ్నానికి ఆల్తోలో రోలరు దింపారు. చెరకు గుట్టల్లో ఒక పక్క అప్పటికే పులిసింది, దాన్ని పశువులకు పడేశారు. మిగతాది మర్నాడు గానుగలో పడింది. మొదటి రసం చెంబుతో తెచ్చి గానుగ మేస్త్రీ మర్యాదగా అదెమీర్‌కు అందించబోయాడు, డ్రైవరు ఆయనే అనుకుని. అదెమీర్ చెంబు పుచ్చుకుని పెళ్ళానికిచ్చాడు.

దిగివచ్చాక లియోనిదాస్ పుస్తకం తెరిచి బండి వివరాలు రాసుకుంటూ డ్రైవరు గడిలో అదెమీర్ పషేకో అని రాశాడు. జురేమా వేలితో ఆ గడి మీద తట్టింది.

"కొట్టేసి నా పేరు రాయి. ఆయన పేరు కింద రాసుకో, చెక్క పెట్టే మనిషి అని."

అతను కొట్టేసి రాశాడు. ఆ తరవాత ఆమెకు లోడు లేని వారం లేదు. మొదట్లో అందరూ వద్దన్నవే ఇచ్చేవాడు: క్వారీ యంత్రాలు, బాయిలర్లు, ఒకసారి కాన్వెంటు గంట. తరవాత మామూలు సరుకూ వచ్చింది.

విడిభాగాలు అయిపోతాయని ఆ పెద్దమనిషి చెప్పింది అబద్ధం కాదు. నాలుగేళ్ళలో గోడౌను ఖాళీ అయింది. అప్పటికి అదెమీర్ ఫ్యాక్టరీ వేలంలో ఒక పాత లేతు మిషను కొని పెరటి షెడ్డులో బిగించాడు. అరిగిన ముక్క తెస్తే కొత్తది తురిమేవాడు. పళ్ళచక్రాలు పట్నంలో కోయించి తెచ్చేవారు, అవి జురేమా చెవి దాటాకే బండిలోకి పోయేవి. ఈ సంగతి రోడ్డు మీద పాకింది. మినాస్, పరానా రాష్ట్రాల నుంచి పాత మాంతికేరాల యజమానులు వాళ్ళ సందు వెతుక్కుంటూ వచ్చేవారు. ఒకప్పుడు కోడితో నవ్వులపాలైన మనిషి దగ్గర గడ్డాలు నెరిసిన డ్రైవర్లు చేతులు కట్టుకుని నిలబడి, పేరు ముందు గౌరవంగా సెయు తగిలించి, "సెయు అదెమీర్, మా పనెప్పుడవుతుందండీ?" అని అడిగేవారు. ఓనోఫ్రె ఆ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళకల్లా గాడిదల కథలు చెప్పి, ఎనభై నాలుగో ఏట పోయాడు.

1986లో ఒక పొద్దున మెరిసే కారొకటి వచ్చి వాళ్ళ గేటుకు అడ్డంగా ఆగింది. దిగినవాడు, మాంతికేరా ఫ్యాక్టరీని కొన్న ఆ విదేశీ కంపెనీవాళ్ళ మనిషి. చిన్నవయసు, మంచి మాట. జురేమా కాఫీ ఇచ్చింది. కంపెనీ సావో పాలోలో కొత్త ఆఫీసు కడుతోందనీ, దాని ముందు పాత మాంతికేరా ఒకటి నిలబెడదామనుకుంటున్నారనీ చెప్పాడు. సిమెంటు దిమ్మె కట్టి, రంగు వేసి, చుట్టూ పూలమొక్కలు పెడతారట. ఇంత బాగా నడుస్తున్నది ఇంకెక్కడా లేదట. బదులుగా కొత్త లారీ ఇస్తారట, ఒక్క పైసా తీసుకోకుండా. అదెమీర్ షెడ్డులోంచి తల బయటపెట్టి విన్నాడు. మంచి బేరమే. అతని మొహం చూస్తే మనసు ఊగుతోందని తెలుస్తోంది.

"ఇంజను తీసేస్తారా?" అని అడిగింది జురేమా.

"తీసేస్తామండీ. బరువు కదా. లోపల ఎలాగూ ఎవరికీ కనపడదు."

ఆమె కాఫీ గ్లాసులు తీసి లోపల పెట్టి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"బతికున్నవాళ్ళకు దిమ్మె కట్టకూడదు నాయనా, అరిష్టం. మీ వాళ్ళు ఎనిమిదేళ్ళ కింద ఇదే బండిని పాత ఇనుము అన్నారు. ఇప్పుడు పూలమొక్కలంటున్నారు. రెండుసార్లూ దాన్ని నడవనివ్వబోమనే కదా మీ మాట."

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే క్యాబిన్ మెట్టెక్కింది. తొమ్మిదింటికి ఉల్లిపాయల లోడు ఉందనీ, కారు పక్కకు తియ్యమనీ చెప్పింది. ఇంజను వేసేసరికి అతని చేతిలో కాగితాలు అదిరాయి. అతను వెళ్ళి కారు తీశాడు. ఆ బండి బయటికి పోతుంటే బంపరు మీది రాత చదివి, తలొంచుకుని నవ్వాడని అదెమీర్ చెప్పేవాడు.

ఇంకో తొమ్మిదేళ్ళు నడిపింది. అదెమీర్ గుండెజబ్బుతో 1993లో పోయాడు. వారం తరవాత ఆమె బండి తీసింది, వెనక చక్రాల దగ్గర పెట్టే చెక్క తనే మోసుకుని. చివరికి ఆపింది బండి కాదు, ఆమె ఎడమ మోకాలు. రోజంతా క్లచ్ తొక్కితే సాయంత్రం క్యాబిన్ మెట్టు దిగలేకపోయేది. డాక్టరు విశ్రాంతి అన్నాడు. ఆమె రెండేళ్ళు ఆయనతో పోట్లాడి, మోకాలితోనూ పోట్లాడి, 1995లో బండిని క్వారీలో రాళ్ళు మోసే ఇద్దరు అన్నదమ్ములకు అమ్మింది. జాదిర్, జోయెల్ వాళ్ళ పేర్లు.

ఇప్పుడూ నెలకోసారి వాళ్ళు ఫోను చేస్తారు. ఒకడు క్వారీ ఆఫీసు ఫోను తీగ సాగినంత దూరం లాగి కిటికీలోంచి రిసీవరు బయటికి పట్టుకుంటాడు, రెండోవాడు బండి ఇంజను వేసి గేర్లు మారుస్తాడు. జురేమా వంటింట్లో కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని వింటుంది.

"మూడోది" అంటుంది.

"రెండోది అనుకుంటున్నామండీ, దోనా జురేమా. మెకానిక్కు కూడా చూసి అదే అన్నాడు."

"ఆ మెకానిక్కుని చెవులు కడుక్కోమను. మూడో గేరు, అంచు పన్ను. విప్పి చూసి మళ్ళీ ఫోను చెయ్యండి."

వాళ్ళు విప్పి చూసి మళ్ళీ చేస్తారు. ఆ రెండో ఫోనులో మెకానిక్కు పేరు ఎవరూ ఎత్తరు.